కల్తీ లేని పెండింగ్

కిటికీల వెనక కూర్చున్న పెద్దలారా, నేరం మీదే. వర్షం మీదికో, సర్వర్ మీదికో, పై ఆఫీసు మీదికో తోసెయ్యకండి. లోకంలో ఇన్ని మాటలుండగా ఏరి ఏరి ఆ ఒక్క ఇంగ్లీషు మాటను పట్టుకొచ్చింది మీరు. దానికో రబ్బరు స్టాంపు, స్టాంపుకో సిరా ప్యాడు, ప్యాడుకో డబ్బా, డబ్బాకో తాళం ఏర్పాటు చేసింది మీరు. మనిషి నోటికి అందిన మాటలన్నిటిలోకీ ఇంత తక్కువ పని చేసి ఇంత ఎక్కువ ఆయుష్షు తిన్న మాట ‘పెండింగ్’ తప్ప ఇంకొకటి లేదని ఇందుమూలంగా ప్రకటించడమైనది. అభ్యంతరాలుంటే మూడు ప్రతుల్లో ఇచ్చుకోండి.

ఆ మాటకు అర్థమేమిటో, అది ఎక్కడ పుట్టి ఇక్కడికి ఎలా చేరిందో కనుక్కుందామని ఒక మనిషి బయలుదేరింది. అడిగింది అంతే. గోడలు పగలగొట్టలేదు, ఎవరి కాలరూ పట్టుకోలేదు. ఏం జరిగిందో వినండి.

ఆమెను అందరూ జిప్పులక్క అంటారు. తాళాలు చేసే కొట్టుకూ జిరాక్సు కొట్టుకూ మధ్య మిగిలిపోయిన నాలుగడుగుల చోటులో స్టూలు వేసుకుని జిప్పులు బాగుచేస్తుంది. స్కూలు బ్యాగులు, సూటుకేసులు, చలికోట్లు, అప్పుడప్పుడూ నిలబడే బాగుచేయించుకునే ప్యాంట్లు. చేతిలో పట్టకారు, ఒళ్ళో కొవ్వొత్తి ముక్క, పక్కన జిప్పు లాగే పాత రన్నర్లు నింపిన బిస్కెట్ డబ్బా. ఇన్నేళ్ళలో ఆమెకు తెలిసిన సంగతి ఒక్కటే. ఏ జిప్పూ ఊరికే ఇరుక్కోదు. ఒక దారప్పోగో, వంగిన పన్నో అడ్డం ఉంటుంది. అది తీస్తే కదులుతుంది. ఆఫీసులు కూడా ఇంతే అనుకుంది పాపం. చదువుకోని మనిషి.

ఇంట్లో తల్లి. ముప్పై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. చుట్టుపక్కల ఇప్పటికీ కండక్టరమ్మ అనే పిలుస్తారు. నూట పది మందిని యాభై మంది పట్టే బస్సులో ఎక్కించి, ఎవరి కాలూ తొక్కకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచిన కాళ్ళు ఆమెవి. ఆ కాళ్ళే మొండికేశాయి. ముందు మోకాళ్ళు, తర్వాత తుంటి. పద్నాలుగు నెలలుగా మంచం మీంచి కుర్చీకి, కుర్చీలోంచి మంచానికి, అదీ కూతురు పట్టుకుంటేనే. ఉన్న ఒక్క కిటికీ లోంచి పక్కింటి గోడ, ఆ గోడకున్న నీళ్ళ గొట్టం కనిపిస్తాయి. గొట్టం మీద తుప్పు మచ్చలు పదిహేడని ఆమె లెక్క తేల్చింది. మధ్యాహ్నం రెండూ పదికి ఆమె పాత రూటు బస్సు సందు చివర ఆగుతుంది. హారన్ వినబడుతుంది. బస్సు కనబడదు.

చక్రాల కుర్చీకి దరఖాస్తు పెట్టారు. నంబరు నాలుగు వందల పదిహేడు. డాక్టరు చీటీ ఇచ్చాడు, కమిటీ ఒప్పుకుంది, కుర్చీ కూడా ఆఫీసుకు వచ్చింది. వచ్చి పది నెలలైంది. అప్పటినుంచి ప్రతి సోమవారం ఫోను గుర్రుమంటుంది. ‘మీ దరఖాస్తు పెండింగ్‌లో ఉంది. మీ సహనానికి అభినందనలు.’

ఆ సోమవారం కూడా గుర్రుమంది.

“ఏమంటున్నాడే?” అంది కండక్టరమ్మ.

“పెండింగ్ అంటున్నాడమ్మా.”

“ఎవడే ఈ పెండింగు? పది నెలలుగా మనింటి నడిమధ్యలో కూర్చున్నాడు. నా బస్సులో అయితే టికెట్ లేకుండా ఒక్క స్టేజీ కూడా కూర్చోనిచ్చేదాన్ని కాదు.”

“మనిషి కాదే అమ్మా, మాట.”

“మాటైతే దానికో అర్థం ఏడవాలిగా? పోయి అడుగు. కుర్చీ ఎప్పుడిస్తారని అడక్కు, అది అడిగీ అడిగీ నీ నోరు అరిగిపోయింది. ఆ మాటకు అర్థమేంటి, ఎక్కడి నుంచి దిగిందో అడుగు. సిగ్గేసైనా ఇచ్చేస్తారు.”

(సిగ్గు మీద అంత నమ్మకం పెట్టుకున్న తరం అది.)

“ఇప్పుడంత తొందరేంటమ్మా?”

కండక్టరమ్మ నీళ్ళ గొట్టం వంక చూసింది. “డ్రైవరు తమ్ముడు ఫోన్ చేశాడు. పై నెల ఆఖరి శుక్రవారం వాడి చివరి డ్యూటీ అట. రెండూ పదికి సందు చివర ఆపుతాడట. ఇరవై రెండేళ్ళు వాడు నా విజిల్ మీద బండి కదిపాడే. ఆ ఒక్కసారీ నేనే ఊది పంపించాలి. మంచం మీంచి ఊదితే వాడికి వినబడదు.”

జిప్పులక్క మర్నాడు కొట్టు మూసేసి ఆఫీసుకు వెళ్ళింది.

సహాయ ఉపకరణాల మంజూరు, పంపిణీ మరియు పర్యవేక్షణ కార్యాలయం మూడంతస్తుల మేడ. (చక్రాల కుర్చీలిచ్చే విభాగం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. నిజంగా అవసరమున్న వాళ్ళు పైకి రాలేరు కనుక, పైకి వచ్చినవాళ్ళకు అవసరం లేదని తేల్చడం సులువు.) ఆ మూడో అంతస్తు వరండాలోనే టోకెన్ యంత్రం ఉంది. టోకెన్ తీసుకోవడానికి ఒక క్యూ, టోకెన్ తీసుకున్నట్టు సంతకం పెట్టడానికి ఇంకో క్యూ. జిప్పులక్క రెండో క్యూలో ఉండగా వెనక నుంచి “జరగండమ్మా, జరగండి” అని కేక వినబడింది. అటెండరు ఒక చక్రాల కుర్చీ తోసుకుంటూ వస్తున్నాడు. కుర్చీలో ఛాతీ ఎత్తు ఫైళ్ళు బెల్టు పెట్టుకుని కూర్చున్నాయి. పిడికి కట్టిన అట్టముక్క మీద 417 అని రాసి ఉంది.

“తమ్ముడూ, అది మా అమ్మ కుర్చీ!”

“మీరేనా అక్కా!” అటెండరు ముఖం వెలిగిపోయింది. “ఎన్నాళ్ళ నుంచో చెబుదామనుకుంటున్నా. భలే బండి అక్కా ఇది. మలుపుల్లో ఎంత నాజూగ్గా తిరుగుతుందో! వారానికోసారి చక్రాలకు నూనె వేస్తున్నా. మీ అమ్మగారికి చెప్పండి, ఏం దిగులు పడొద్దని.”

 జిప్పులక్క నూనె వేస్తున్నందుకు థాంక్స్ చెప్పింది. తర్వాత ఆ థాంక్స్ గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండింది, అది వేరే సంగతి.

మూడో కిటికీ గుమాస్తా తల ఎత్తకుండానే నంబరు అడిగి, తల ఎత్తకుండానే చెప్పేశాడు. “పెండింగ్‌లో ఉందమ్మా.”

“తెలుసు సార్. దానికోసం రాలేదు.”

గుమాస్తా తల ఎత్తాడు. ఆయనకు కనుబొమ్మ మీద పుట్టుమచ్చ ఉందని ఏడాదిలో మొదటిసారి ఆమెకు తెలిసింది.

“పెండింగ్ అంటే ఏంటి సార్?”

“పెండింగంటే... పెండింగేనమ్మా.”

“తెలుగులో చెప్పండి.”

“తెలుగులో కూడా పెండింగే.”

“ఎక్కడి మాట సార్ అది?”

“మాకు పై నుంచి వచ్చింది,” అన్నాడు. తర్వాత తనకే అనుమానం వచ్చినట్టుంది, రెండో కిటికీ వైపు వంగి గుసగుసగా అడిగాడు. రెండో కిటికీ ఒకటో కిటికీని అడిగింది. ఒకటో కిటికీ భోజనానికి వెళ్ళింది. పందొమ్మిదేళ్ళుగా రోజుకు వంద సార్లు ఆ స్టాంపు గుద్దిన చెయ్యి మూడో కిటికీది. అది ఇప్పుడు బల్ల మీద ఖాళీగా ఉంది.

ఆమె ఆ ప్రశ్నే కాగితం మీద రాయించి ఇచ్చింది. అక్కడే కొంప మునిగింది. ఎందుకంటే పౌరుల సందేహ నివృత్తి నిబంధన ప్రకారం రాతపూర్వకంగా అడిగిన సందేహానికి ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. లేకపోతే అధికారి ఇంక్రిమెంటు ఆగిపోతుంది. (కుర్చీకి గడువు లేదు. సందేహానికి ఉంది. ఈ నిబంధన రాసినాయన మోకాళ్ళు బాగున్నాయని మనం సంతోషించాలి.) మర్నాటికల్లా ఆఫీసు కాళ్ళకు చక్రాలు కట్టుకుంది. అర్థ నిర్ధారణ సంఘం వెలిసింది. దానికి అనుబంధంగా వ్యుత్పత్తి విభాగం. దానికి బల్ల. బల్లకు గాజు పలక. అందరికీ టీ. ఆ పని వల్ల మిగతా పనులన్నీ ఆగాయి. వాటి మీద గుద్దాల్సిన స్టాంపును సంఘం పరిశీలనకు తీసుకుపోవడం వల్ల, ఆ నెల రోజులూ ఎవరికీ పెండింగ్ అని చెప్పే వీలు కూడా లేకపోయింది. జనం కిటికీ దగ్గరికి వచ్చి, గుమాస్తా మౌనంగా చేతులు జోడిస్తే, ఎవరో పోయారనుకుని పరామర్శించి వెళ్ళారు.

ఇరవై రెండో రోజున జిప్పులక్కకు పిలుపు వచ్చింది. హోదా, పదప్రయోగ సాక్షి.

సమావేశం గదిలో సూపరింటెండెంటు మేడమ్ మధ్యలో కూర్చుంది. కళ్ళజోడు గొలుసుకు వేలాడుతోంది. మూడో కిటికీ గుమాస్తా ఒక పక్క. స్టోరు గుమాస్తా ఇంకో పక్క. చివర వ్యుత్పత్తి అధికారి, లైబ్రరీ నుంచి ఈ పని మీద తెచ్చిన బక్కపలచని పెద్దాయన. ఒళ్ళో నల్లటి తోలు సంచి, దాని జిప్పు సగంలో ఇరుక్కుపోయి, సగానికి పిన్నీసు.

“అర్థం చెప్పండి,” అంది మేడమ్.

“అవలేదని అర్థం మేడమ్,” అన్నాడు కిటికీ గుమాస్తా.

“కాదు మేడమ్, అవుతుందని అర్థం,” అన్నాడు స్టోరు గుమాస్తా.

“మీరిద్దరూ కొత్తవాళ్ళు,” అంది మేడమ్ జాలిగా. “అవలేదంటే ఎందుకు అవలేదని అడుగుతారు. అవుతుందంటే ఎప్పుడని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలూ రాకుండా ఆఫీసును కాపాడేదే పెండింగ్. రాసుకోండి.”

రాసుకున్నారు. అంతలో వ్యుత్పత్తి అధికారి గొంతు సవరించుకున్నాడు. తన రిపోర్టు సంచిలోనే ఉందన్నాడు. సంచి తెరవబోయాడు. పిన్నీసు గుచ్చుకుంది. ఇక ఉండబట్టలేక జిప్పులక్క చెయ్యి చాచింది. “ఇలా ఇవ్వండి బాబుగారూ. చెబుతూ ఉండండి.”

ఆయన సంచి ఆమెకిచ్చి, గుర్తున్నంత వరకు చెప్పాడు. లాటిన్ అనే పాత భాషలో వేలాడటం అనే అర్థమున్న ఒక క్రియ ఉంది. అది ఫ్రెంచి వాళ్ళింట్లో చాన్నాళ్ళు ఉండి, దాదాపు నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లీషు వాళ్ళింటికి ఈ రూపంలో వచ్చింది. పెద్ద కుటుంబం. గోడ గడియారంలో ఊగే పెండ్యులం దాని తోబుట్టువు. ఇంకొకరి మీద ఆధారపడటానికి వాడే డిపెండ్ కూడా. పెన్షన్ దూరపు చుట్టం.

“పెన్షన్ కూడానా?” మేడమ్ ముఖం మెత్తబడింది. ఆమెకింకా మూడేళ్ళ సర్వీసే ఉంది. “మంచి కుటుంబమే అయితే.”

“ఇంకో అన్నదమ్ముడున్నాడు మేడమ్. సస్పెండ్.”

 స్టోరు గుమాస్తా టీ గ్లాసు కింద పెట్టాడు.

“ఆ సంబంధం రిపోర్టులో వద్దు,” అంది మేడమ్ నెమ్మదిగా. “ఇంటింటికీ ఒక చెడ్డవాడుంటాడు. వాణ్ణి చుట్టాల జాబితాలో రాయక్కర్లేదు.”

ఈలోగా జిప్పులక్క రన్నర్ అంచులు పట్టకారుతో నొక్కి, పళ్ళ మధ్య ఇరుక్కున్న దారప్పోగు లాగి, కొవ్వొత్తి రుద్ది, జిప్పు అటూ ఇటూ సర్రుసర్రున లాగి సంచి తిరిగిచ్చేసింది. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. వ్యుత్పత్తి అధికారి సంచిని తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. “మూడేళ్ళ నుంచి ఇలాగే మోస్తున్నానమ్మా,” అన్నాడు.  సంఘం ఆ సంఘటనను మినిట్స్‌లో నమోదు చెయ్యలేదు.

అర్థం అయింది, పుట్టుక అయింది. అక్కడితో జవాబు ఇచ్చేసి ఉంటే బాగుండేది. కానీ నిబంధనల పుస్తకం తిరగేసిన కిటికీ గుమాస్తా, నిర్వచనానికి ఒక ఉదాహరణ జత చెయ్యాలన్నాడు. స్వచ్ఛమైన ఉదాహరణ. వెంటనే అటెండరు మూడు వందల పన్నెండు పెండింగ్ ఫైళ్ళను మూడు ట్రిప్పుల్లో 417 కుర్చీలో తోసుకొచ్చాడు.

ఒక్కొక్కటే తెరిచారు.

“ఇందులో ఫోటో లేదు మేడమ్.”

“అయితే అది పెండింగ్ కాదు. లోపం. పక్కన పెట్టు.”

“ఇందులో సంతకం గీత దాటింది.”

“అది అభ్యంతరం.”

“ఇందులో దరఖాస్తుదారు పోయాడు మేడమ్.”

“అది ముగిసింది కదయ్యా.”

“మనం ముగించలేదు మేడమ్. ఆయనే ముగించుకున్నాడు.”

“పక్కన పెట్టు.”

నాలుగు గంటలకు 417 వచ్చింది. కిటికీ గుమాస్తా కాగితాలు తిప్పాడు. మళ్ళీ మొదటి నుంచి తిప్పాడు. “మేడమ్, ఇందులో ఏమీ లేదు.”

“ఏమీ లేకపోవడమేంటి?”

“ఆపడానికి ఏమీ లేదు మేడమ్. డాక్టరు చీటీ ఉంది. ఫోటోలున్నాయి. కమిటీ ఒప్పుకుంది. కుర్చీ ఉంది, ఇదిగో ఇక్కడే ఉంది. ఒక్క సంతకం కూడా తక్కువ లేదు. ఎవరూ వద్దని రాయలేదు. అయినా ఇవ్వలేదు.”

“ఎందుకివ్వలేదు?”

“అదే మేడమ్. కారణమే లేదు.”

ఫైలు చేతులు మారింది. ఒకరి తర్వాత ఒకరు చూశారు. స్టోరు గుమాస్తా వెలుతురుకు పట్టి చూశాడు. వ్యుత్పత్తి అధికారి బాగైన తన జిప్పు మీంచి చెయ్యి తీసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. మేడమ్ ఫైలు మూసి రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో తాను ఇలాంటిది చూడలేదంది. మిగతా అన్నిట్లో ఏదో ఒక కారణం కలిసి ఉందట. ఇది మాత్రం కల్తీ లేని పెండింగ్.

“నీ అదృష్టం అమ్మా,” అంది జిప్పులక్క చెయ్యి పట్టుకుని. “మీ అమ్మగారి ఫైలే ఇకమీదట ఆ మాటకు అర్థం.”

ఆ ‘అదృష్టం’ అన్న మాట జిప్పులక్కకు నచ్చలేదు. అయినా అడిగింది. “చాలా సంతోషం మేడమ్. మరి కారణం లేదని తేలిపోయింది కదా. కుర్చీ ఇచ్చేయండి, తీసుకుపోతా. ఆఖరి శుక్రవారం మా అమ్మ సందు చివరికి వెళ్ళాలి.”

గది మొత్తం ఆమె వంక చూసింది. కొలత బద్దను అమ్మేయమన్న మనిషిని కొలతల ఆఫీసు వాళ్ళు చూసినట్టు చూసింది.

“ఇచ్చేస్తే అది పెండింగ్ ఎలా అవుతుందమ్మా?” అంది మేడమ్ ఓపిగ్గా. “ఉదాహరణ పోతుంది. ఉదాహరణ పోతే నిర్వచనం పోతుంది. నిర్వచనం పోతే నీ సందేహానికే జవాబుండదు. అడిగింది నువ్వే కదా?”

ముప్పయ్యో రోజున జవాబు వచ్చింది. గడువుకు సరిగ్గా రెండు గంటల ముందు, రిజిస్టర్డ్ పోస్టులో, మూడు స్టాంపులతో. ‘పెండింగ్: చూడుడు, దరఖాస్తు నంబరు 417.’

మాట ఆ నోటా ఈ నోటా పాకింది. పదకొండు ఆఫీసులు ఆ నిర్వచనాన్ని అరువు తెచ్చుకున్నాయి. ‘417 స్థాయి పెండింగ్’ అని బోర్డులు వెలిశాయి. కొత్తగా ఉద్యోగంలో చేరిన వాళ్ళను బస్సుల్లో తీసుకొచ్చి ఫైలు చూపించారు. కుర్చీని సమావేశం గదిలో ఎత్తు పీట మీద పెట్టి, చుట్టూ ఎర్ర తాడు కట్టి, ‘కూర్చొనరాదు’ అని రాశారు. (చక్రాల కుర్చీ మీద రాయదగిన మాటల్లో ఇంతకన్న నిజాయితీ గలది దొరకదు.) బండి పోయిన అటెండరు ఫైళ్ళు భుజాన మోసుకుంటూ మెట్ల మీద ఎదురుపడిన వాళ్ళందరికీ మొర పెట్టుకున్నాడు, జిప్పులక్కకు కూడా.

“అక్కా, మీరు ఆ ప్రశ్న అడక్కుండా ఉండాల్సింది. మన కుర్చీ కనీసం తిరుగుతూ ఉండేది.”

ఇంటికొచ్చి తల్లికి చెప్పింది జిప్పులక్క. కండక్టరమ్మ ముందు విరగబడి నవ్వింది. పిల్లికూతలు కూసే ఊపిరితో, దగ్గొచ్చేదాకా నవ్వింది. “నా పేరు మీద ఒక మాట నిలబడిపోయిందే! మీ నాన్న పేరు మీద రేషన్ కార్డు కూడా నిలబడలేదు.” తర్వాత నవ్వు ఆగింది. తలగడ కింద చెయ్యి పెట్టి పాత విజిల్ తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్ళీ తలగడ కింద పెట్టేసింది.  

ఆఖరి శుక్రవారం వచ్చింది. జిప్పులక్క పొద్దున్నే నీళ్ళ క్యాన్లు వేసే ఆయన కాళ్ళా వేళ్ళా పడింది. ఆయన ఇరవై క్యాన్లు రోడ్డు పక్కన దింపేసి ట్రాలీ తెచ్చాడు. పొట్టి చక్రాల చెక్క బల్ల అది. నాలుగింట్లో ఒక చక్రం తన ఇష్టమొచ్చిన దిక్కుకు పోతుంది. దాని మీద ప్లాస్టిక్ కుర్చీ ఎక్కించారు. జిప్పులక్క కొట్లో ఉన్న సూటుకేసు బెల్టులన్నీ తెచ్చి, కుర్చీని ట్రాలీకి, తల్లిని కుర్చీకి బకిల్స్ వేసి బిగించింది.

“ఏమే, నన్ను ఎక్కడికన్నా పార్సిల్ చేస్తున్నావా?” అంది కండక్టరమ్మ. “అడ్రసు సరిగా రాయి.”

“కదలకే అమ్మా, బెల్టు ఊడుతుంది.”

“ఓ క్యాన్ల బాబూ, గుంత వస్తోంది, ఎడమకు కొయ్యి. ఎడమంటే నా ఎడమ! లైసెన్సు ఎవడిచ్చాడయ్యా నీకు?”

“నీళ్ళకు లైసెన్సు అక్కర్లేదు పెద్దమ్మా!”

రెండడుగుల గుమ్మం దిగడానికి నలుగురు పట్టారు. సందులో సగం దూరానికి చక్రం కాలవ మూత సందులో పడింది. కండక్టరమ్మ మోచెయ్యి గోడకు రాసుకుని చర్మం లేచింది. రెండూ పది దాటింది. రెండూ పన్నెండు. హారన్ వినబడింది. ఒకసారి. మళ్ళీ. మూడోసారి ఆపకుండా మోగుతూనే ఉంది.

సందు చివరికి చేరేసరికి బస్సు అక్కడే ఉంది. లోపల జనం అరుస్తున్నారు. “ఏంటయ్యా డ్రైవరూ, ఎందుకాపావు?” డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టి, ట్రాలీ మీద బెల్టులతో కట్టేసి ఉన్న మనిషిని చూశాడు.

“అక్కా! నాలుగు నిమిషాలు లేటు!”

“నా వల్ల కాదురా తమ్ముడూ, రోడ్డు వల్ల. నువ్వెప్పుడూ చెప్పే సాకేగా!”

ఆయన దిగొచ్చాడు. ఆమె మోచెయ్యి చూసి జేబురుమాలు చుట్టాడు. బస్సులో అరుపులు ఆగాయి. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఫారం నింపమనలేదు. అరవై మంది ఊరికే ఆగారు. ఆయన మళ్ళీ సీటెక్కాడు. కండక్టరమ్మ వీపు నిటారుగా పెట్టి, బస్సు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఒకసారి చూసి, ఫుట్‌బోర్డు మీద ఎవరూ లేరని రూఢి చేసుకుని, రెండుసార్లు విజిల్ ఊదింది. “రైట్!” బస్సు కదిలింది.

మొత్తం ఆరు నిమిషాలు. పదిహేను నెలలు పోయి పదహారో నెల వచ్చాక, ఆమె సందు చివర ఉన్నది ఆరు నిమిషాలు. క్యాన్ల ఆయన రోజూ రాలేడు, ఆయనకూ నీళ్ళు పోసే ఇళ్ళున్నాయి. ఇంట్లో దింపాక కండక్టరమ్మ మోచేతికి పసుపచ్చని మందు రాయించుకుంటూ అంది. “బాగుందే. మళ్ళీ వద్దు. నీ నడుం విరుగుతుంది.”

సోమవారం జిప్పులక్క కొట్టు దగ్గరికి మూడో కిటికీ గుమాస్తా స్వయంగా వచ్చాడు. బాగుచెయ్యడానికి జిప్పేమీ తేలేదు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“అక్కా, శుక్రవారం నేను ఆ బస్సులోనే ఉన్నాను. మీ అమ్మగారు విజిల్ ఊదినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. ఫోన్లో ఫోటో తీశాను. మూడు రాత్రులు నిద్ర పట్టలేదు.”

జిప్పులక్క పట్టకారు కింద పెట్టింది. “అయితే సార్?”

“అందుకే ఈ పొద్దున ఆఫీసు తియ్యగానే మేడమ్‌ను ఒప్పించి, ఆ ఫోటోను ఫైల్లో పెట్టించాను అక్కా. అర్థం ఉంది, పుట్టుక ఉంది, వాక్యప్రయోగం ఒక్కటే లోటుగా ఉండేది. ఇప్పుడు నిండుగా ఉంది. మేడమ్ కూడా కళ్ళు తుడుచుకున్నారు.”

ఆయన మనస్ఫూర్తిగా చెప్పాడు. చెడ్డవాడు కాదు. ఆ మేడలో చెడ్డవాడంటూ ఒక్కడూ లేడు, వెతికి చూడండి. కన్నీళ్ళున్నవాళ్ళే అంతా, పక్కనే సిరా ప్యాడు కూడా ఉంది, అంతే.

ఇక చాలు. కిటికీల వెనక పెద్దలారా, మీ నిఘంటువు మీ దగ్గరే ఉంచుకోండి. లాటిన్ వాళ్ళకూ ఫ్రెంచి వాళ్ళకూ ఇందులో పాపం లేదు, వాళ్ళు మాట ఇచ్చారు, కుర్చీ ఆపలేదు. ఇప్పుడు, ఈ కాగితం పట్టుకున్న చేత్తోనే ఆ ఎర్ర తాడు విప్పండి. పీట మీంచి కుర్చీ దింపండి. అటెండరుకు దారి తెలియకపోతే జిరాక్సు కొట్టు పక్కన అడిగితే చెబుతారు. మూడంతస్తులూ మీరే మోసి దింపండి, మీ మోకాళ్ళు బాగానే ఉన్నాయి. ఇవాళ సాయంత్రం లోపు ఆమె గుమ్మం దగ్గర పెట్టి రండి. ఎందుకిచ్చారో ఫైల్లో కారణం రాయాలని తంటాలు పడకండి. ఇవ్వకపోవడానికి మాత్రం రాశారా?